చుట్ల లెక్క

నలభై ఏడు, నలభై ఎనిమిది...
రాగి తీగె స్లాటులకు దిగుతుంటది.
బయట ఎవరో ఆటో ఎనుకకు తీస్తరు,
ఆ చప్పుడు పట్టుకొని నేను
దేవరకొండ దాకా తిరిగొస్త.
వచ్చి చూస్తె చేతిల తీగె ఉన్నది,
లెక్క లేదు.
విప్పి, మళ్ల ఒకటి.

ఇరవై ఏండ్ల సంది ఇదే పని.
బోరు మోటరు కాలితె
కొండమల్లేపల్లిల నా దుకానమే అడుగుతరు.
పని మంచిగ చేస్తడు, మాట మీద ఉండడంటరు.
నేను రేపన్ననంటె
ఆ రేపు ఏ వారంల ఉన్నదో అడిగి పోతరు.

ఒకపారి పిల్ల ఫీజు పైసలు
పైలంగ ఉంటయని స్టార్టరు డబ్బల దాసిన.
ఆ డబ్బ గుడిపల్లి పోయింది,
ముత్తిలింగం బాయికాడ గోడకు బిగించుకున్నడు.
ఎనిమిది దినాలకు ఆయనే తెచ్చిచ్చిండు నవ్వుకుంట.
పిల్ల మాత్రం ఆ ఎనిమిది దినాలు
క్లాసు బయట నిలబడ్డది.

రాత్రి కత వేరే.
పగలంత దొరకని మనసు
పదకొండు దాటితె తానే వచ్చి
ముందర పీటేసుకొని కూసుంటది.
ఒంటిగంటకు నూటిరవై చుట్లు
ఒక్కటి తప్పకుండ పడ్డయి.
అందుకే మేల్కొన్న, ఏండ్లకేండ్లు.
మేల్కొన్నదంత అప్పే,
తెల్లారి కండ్ల మీద కూసొని మిత్తి వసూలు చేసేది.

నల్లగొండ డాక్టరమ్మ
ఏడీహెచ్‌డీ అని కాయితం మీద రాసి
చిన్నప్పటి సంది ఉన్నదే, నీ తప్పు కాదన్నది.
నాకప్పుడు నలభై ఒకటి.
బస్సుల అండాలు కిటికీ దిక్కే చూసింది.
గుర్రంపోడు దాటినంక అన్నది:
"మా నాయిన నిన్ను పనికిరానోడన్న దినం
నేనెందుకు ఊకున్న?"
నా దగ్గర జవాబు లేదు.
టికెట్టు ఏ జేబుల పెట్టిన్నో
అదే దేవులాడుతున్న.

తెల్లారి తలుపు పక్కన మొల కొట్టింది.
తాళంచెవి ఆడ లేకుంటె నాకు అన్నం లేదు.
పది చుట్లకొక సుద్దగీత పెట్టుడు
పిల్ల చెప్పిన ఉపాయం.
షట్టరు లోపటి దిక్కు మూడే పేర్లు రాసుకుంట,
నాలుగో రైతు వస్తె సైదులు ముందుకొచ్చి
"ఎల్లుండి రా బాపూ" అంటడు.
పందొమ్మిదేండ్ల పోరడు,
నా నోటికి వాడే తాళం.

నాలుగు దాటితె చాయ్ లేదు.
ఇది మాత్రం కష్టం,
హోటలు నా దుకానానికి ఎదురుంగనే.

ఫోను తొమ్మిదిన్నరకు బియ్యం డ్రమ్ముల పడాలె.
మొదటి రాత్రే చప్పుడు కాకుండ లేచి తవ్వుకున్న.
పొద్దుగాల నా మోచేతి తెలుపు చూసి
"ఎలుక పడ్డట్టుంది" అన్నది అండాలు,
బోను తేలేదు.

నిద్ర రాకుంటె మంచంల పొర్లొద్దట.
లేచి అరుగు మీద కూసొని
లైటు వేయకుండ పల్లికాయలు ఒలుస్త.
కాయ పగిలిన చప్పుడు, కుక్క మూలుగుడు,
దూరంగ ఎవరి చేన్లనో మోటరు
(వైండింగు నాదేనా అని చెవి పోతది, గుంజుకొస్త).
ఎన్ని రాత్రులు కునుకు రాలేదో
మా ఇంట్ల పల్లి తొక్కు చూసి చెప్పొచ్చు.
ఎప్పుడు ఒరిగినా లేచేది ఐదున్నరకే.

పోయిన వారం తప్పిన.
వరి ఎండుతున్నదని ఒకాయన ఏడ్సిండు,
మూడింటిదాక కూసున్న.
తెల్లారి సైదులును అననిమాట అన్న.
వాడు సుద్దముక్క నా చేతిల పెట్టి
చాయ్ తాగనీకి పోయిండు.

ఇయ్యాల లైటు ఆరింది.
పక్కన అండాలు ఊపిరి లెక్కపెడుతున్న,
నలభై ఆరు, నలభై ఏడు...
ఏడనో జారింది.
జారనీ.
దీన్ని విప్పి మళ్ల చుట్టే పని లేదు.