పూర్వజ్ఞానం

బోధనాభ్యాసం రికార్డులో
ప్రతి పాఠానికీ మూడో గడి:
"విద్యార్థుల పూర్వజ్ఞానం."
అక్కడ ఏం రాయాలో సీనియర్లు ముందే చెప్పినారు.
"పిల్లలకు కూడికలు, తీసివేతలు తెలుసు"
అంటే చాలు, ఎవరూ చదవరు.

ఆదోనిలో మా కాలేజీ
జిన్నింగు మిల్లు గోడకు ఆనుకొని ఉంటాది.
పత్తి నూగు కిటికీలోంచి వచ్చి
మనోవిజ్ఞానం నోట్సు మీద వాలుతుంటే
చేత్తో విదిలించుకుంటా
అభ్యసన వక్రరేఖలు గీస్తాంటిమి.
ఆ రేఖలో ఒక పీఠభూమి ఉంటాది,
పిల్లోడు ఎంత చదివినా ముందుకు కదలని చోటు.
"మేం పుట్టిందే దాని మీద సార్"
అన్నాడు వెనక బెంచీ తిక్కన్న.
క్లాసంతా నవ్వింది. కొంచెం ఆగి, సారు కూడా.

సూక్ష్మబోధన ఆరు నిమిషాలు.
చెప్పేది ఒకరు, పిల్లలయ్యేది అయిదుగురు.
ఇద్దరు బిడ్డల తల్లి హుసేనమ్మ
కొంగు నడుముకు దోపుకొని చెయ్యెత్తి
"నాకు అర్థం కాలేదు టీచర్" అనేది.
అంత బాగా అర్థం కాకపోవడం
మాలో ఇంకెవరికీ చేత కాలేదు.
పునర్బలన నైపుణ్యం కింద
ఆమెకు నాలుగుసార్లు శభాష్ చెప్పి
ఐదుకు నాలుగు మార్కులు తెచ్చుకున్నాను.

జనవరిలో నన్ను
కోసిగి అవతల ఒక ఊరి బడికి వేసినారు.
ఏడో తరగతి. శాతాలు.
చార్టు చేసుకొని పోయినాను:
వంద గళ్ళు, పదింటికి ఎర్ర రంగు.
హాజరు పట్టీలో నలభై ఒక్క పేర్లు,
గదిలో పద్నాలుగు తలలు.
"మిగతావాళ్ళు యాడికి పోయినారు?"
"సుగ్గికి మేడం."
ఈరోజు ఏ వారమని అడిగితే చెప్పినంత మామూలుగా.
గుంటూరు దిక్కు మిరపకోతలకు,
పొయ్యిరాళ్ళు తప్ప అన్నీ లారీకెక్కించుకొని,
ఉగాది దాకా.

రెండో వారం మూడో బెంచీలో కొత్త పిల్ల.
అవ్వకు జరమని నడిమధ్యలో తిరిగొచ్చినారంట.
పేరు ఉరుకుందమ్మ.
వేళ్ళు మండుతున్నాయని
పెన్ను అరచేత్తో పట్టుకుంది.

"నూటికి ఇంత అనే మాట మీరెక్కడ విన్నారు?"
ప్రశ్నించే నైపుణ్యం:
అందరినీ చూసి అడగాలి,
మూడు సెకండ్లు ఆగాలి,
అప్పుడు పేరు పెట్టి పిలవాలి.
మూడో సెకండు రాకముందే లేచింది.
"తరుగు మేడం.
మూట నలభై తూగితే ముప్పైతొమ్మిదే రాస్తాడు.
గోనెకు కిలో అంటాడు.
గోనె కిలో ఉండదు మేడం,
ఖాళీది కాటాకేసి చూసినా.
నూటికి రెండున్నర పోతాది.
పది మూటలకు పది కిలోలు.
అది నా ఒక పూట కోత."

రెండున్నర సరేనా అని
నేనింకా మనసులో లెక్క వేస్తాండా.
శభాష్ నోటిదాకా వచ్చి ఆగింది.
చార్టు, దాని పది ఎర్ర గళ్ళతో,
ఒక మేకు ఊడి పక్కకు ఒరిగింది.
ఎవరో పిల్లోడు లేచి సరిచేసినాడు.

వెనక కూర్చొని చూసిన సారు
నా కాగితం మీద రాసినాడు:
నల్లబల్ల వినియోగం తక్కువ.
పాఠం పథకం దాటి పోయింది.
గొంతు బాగుంది.

ఆ రాత్రి పదిహేడో పాఠం రాసుకుంటా
మూడో గడిలో మొదలుపెట్టినాను:
కాటా తెలుసు. ఖాళీ గోనె బరువు తెలుసు.
చూపుడువేలు ఎన్నో రోజుకు పొక్కుతాదో తెలుసు.
సేటు రాసుకునే చీటీని
తలకిందులుగా చదవడం తెలుసు.
గడి చాలక అది
ప్రేరణలోకి, లక్ష్యాల్లోకి పాకింది.
ఎర్ర సిరాతో సున్నా చుట్టి వచ్చింది:
"క్లుప్తంగా రాయుము."

సోమవారం మూడో బెంచీ ఖాళీ.
అవ్వ లేచి తిరుగుతాందంట.

పేజీ చించి మళ్ళీ రాసినాను.
మార్కులు కావాలి కదా నాకూ.
"పిల్లలకు కూడికలు, తీసివేతలు తెలుసు."
తీసివేతలు అన్న మాట కింద మాత్రం
పెన్సిలుతో ఒక గీత,
తుడిస్తే పోయేంత సన్నగా.