రాజు మీద ఆసు

కాపురానికొచ్చిన మూడో రాత్రి
కొరిటెపాడు డాబా మీద, వేడి దిగని గచ్చు మీద
మొదటి ఆటలోనే ఎనభై అంటించుకున్నాను.

"లైఫేదమ్మా?" అన్నారు పెదబావగారు
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి.
చూపించాను:
ఇస్పేటు రాణి, రాజు, ఆసు.
డాబా మీద విసనకర్రలన్నీ ఒకేసారి ఆగాయి.

"మనింట్లో ఆసు కిందే. రెండు పక్కన.
రాజు నెత్తికెక్కదు."
"మా పటమటలో ఎక్కుతుందండీ."
"పటమటలో బందరు కాలవ కూడా ఉంది,
ఇక్కడికి మోసుకురాలేం కదమ్మా."

మరిది శేషు మిర్చి యార్డు చీటీ తిరగేసి
నా పేరు కింద ఎనభై వేశాడు.
అటు పక్కన
తేజ రకం, ముప్పై ఆరు టిక్కీలు.
నేనూ కాటాకెక్కినట్టే.

ఆ ఇంటి చట్టాలు రాసి లేవు,
దెబ్బ తగిలిన చోటల్లా ఒకటి తెలిసేది.
కాటులో అసలు జోకరే వస్తే
మా పుట్టింట్లో ఆసులన్నీ జోకర్లు,
ఇక్కడ మళ్ళీ కొయ్యాలి.
పడేసిన ముక్కని వేలితో తాకితే తీసుకున్నట్టే.
మొదటి డ్రాపు ఇరవై, మధ్యలో నలభై,
ఇదొక్కటే రెండూళ్ళకీ పొత్తు.
పిల్లాడు ఏడ్చి లేచిపోయిన తల్లికి
డ్రాపు లెక్కే లేదు.
ఈ రూలు మటుకు అత్తగారు పెట్టిందట
మూడో కాన్పైన ఎండాకాలం,
ఎవర్నీ అడక్కుండా.

ఆసు సంగతి అడిగితే
అందరూ ముక్కలు కలిపేవాళ్ళు.
పక్కింటి మస్తాన్‌బీ చెప్పింది చివరికి,
గోడ మీంచి గోంగూర అందిస్తూ:
చిలకలూరిపేట పొగాకు గోడౌన్లో ఓ రాత్రి
మామగారి అన్న రాజు మీద ఆసు పెట్టి
మామగారి కొత్త సైకిలు గెలిచాడట.
ఆర్నెల్లు నడిచే వెళ్ళారట ఈయన పనికి.
నడిచి నడిచి అరిగిన చెప్పుల్లోంచి
పుట్టిందన్నమాట ఈ చట్టం.

మా అత్తగారి పేరు సామ్రాజ్యం.
ఆటలో నాకు పై చెయ్యి ఆమే.
ఆమె పడేసిందే నాకు అందేది.
బ్యారేజీ పక్క పుట్టినదాన్ని,
ఎగువన గేటెత్తకపోతే
దిగువన ఏం పారుతుందో నాకు తెలుసు.
ఏడేళ్ళు
ఒక్క పనికొచ్చే ముక్క వదల్లేదు.
నేను తొమ్మిది ఏరుకుంటే
ఎనిమిదీ పదీ ఆమె చేతిలో ముసలివయ్యేవి.

మొన్న మేలో, కరెంటు పోయిన రాత్రి,
నేను నూట డెబ్భై దాటాను.
ఇంకో దెబ్బ తగిలితే లేచి
మామిడికాయలు తరుక్కోవడమే.
చేతిలో అన్నీ కుదిరాయి, లైఫు తప్ప.
మళ్ళీ అవే: ఇస్పేటు రాణి, రాజు.
జాకీ కోసం చూస్తున్నాను
వాన కోసం మిరపచేను చూసినట్టు.

అత్తగారు ముక్క తీసింది.
చూసుకుంది. చాలాసేపు.
చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.
తర్వాత గచ్చు మీద నెమ్మదిగా పరిచింది
ఇస్పేటు ఆసు.

నా వైపు చూడలేదు.
ఎమర్జెన్సీ లైటు చుట్టూ ఈసుళ్ళు.
వేలు దానంతటదే వెళ్ళి తాకింది.
తాకితే తీసుకున్నట్టే.

షో.

"లైఫేదమ్మా?"
పెదబావగారి కళ్ళజోడు మళ్ళీ నుదుటికెక్కింది.
నేను నోరు తెరిచేలోపు
అత్తగారు తన పదమూడూ వెల్లకిలా విసిరేసింది.
"ఎక్కితే ఎక్కింది. ఇంటి కప్పేం కూలదు.
శేషూ, దానికి సున్నా రాయి."
"ఇప్పట్నుంచీ ఇంతేనా అమ్మా, ఈ ఆటకేనా?"
"కలపరా ముందు."

కలపడానికి ఏరుతుంటే
ఆమె ముక్కల్లో కనిపించాయి,
ఒకదాని భుజం మీద ఒకటి,
రెండు పేకల ఇస్పేటు జాకీలూ.
ఏది వదిలినా
పాత చట్టం ప్రకారమే గెలిచేదాన్ని.

ఎవరూ చూడకముందే
మిగతా ముక్కల్లో కలిపేశాను.