కంటి కొలత

ఆరు జాకెట్ల బాకీ తీర్చలేక
టూరిజం ఆఫీసు శేషారత్నం ఈ టికెట్టు చేతిలో పెట్టింది.
పదమూడో నంబరు సీటు, కిటికీ పక్క,
మధ్యాహ్నం భోజనం వాళ్ళదే.
కృష్ణలంకలో షట్టరు దించి
మంగళవారం పూట
మెషిను లేకుండా కూర్చోవడం ఇదే మొదలు.
కాలు మాత్రం ఊరుకోలేదు,
బారేజీ దాటేదాకా బస్సును అదే తొక్కింది.

గైడు పేరు నాగుల్‌మీరా.
చొక్కా రెడీమేడు, భుజం అంగుళం జారింది.
గాలిలో వేలితో పొడుస్తూ తలలు లెక్కపెట్టాడు:
ఇరవై ఏడు.
"దిగినవాళ్ళు దిగినట్టే ఎక్కాలమ్మా,
నా ఉద్యోగం మీ తలల మీదుంది."

ఉండవల్లి మెట్లకి
మోకాళ్ళు కుట్లు వదిలాయి.
లోపల చీకట్లో అనంతపద్మనాభుడు.
అందరూ దండం పెట్టారు, నేనూ పెట్టాను,
పెడుతూనే కొలిచాను, పాడు అలవాటు.
కిరీటం నుంచి పాదాలదాకా
అటూ ఇటూగా ఒక చీర పొడుగు.
"ఒకే రాయి," అన్నాడు నాగుల్‌మీరా, "అతుకు లేదు."
దేవుడి మీద కాదు గానీ
చెక్కినవాడి మీద కుళ్ళు పుట్టింది.

నా వెనక సీటు పిల్ల, సలోమి.
గుంటూరు పెద్దాసుపత్రిలో నర్సు.
రాత్రి డ్యూటీ దిగి సరాసరి వచ్చేసింది.
దండం పెట్టలేదు, జ్వరం చూసే చూపు చూసింది.
"ఎంత హాయిగా పడుకున్నాడో ఆంటీ," అని
ఆవులింత చేత్తో మూసుకుంది.

తుళ్ళూరు దారిలో
సగం లేచిన మేడల మీద ఇనప చువ్వలు,
అంచు మడవని గుడ్డకి పోగులు లేచినట్టు.
తర్వాత మిరప కళ్ళాలు. బస్సంతా ఒకటే తుమ్ములు.

స్తూపం అంటే ఎత్తుగా ఏదో ఉంటుందనుకున్నాను.
గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ.
నాగుల్‌మీరా వట్టి గాలిలోకి చెయ్యి చాపాడు.
"ఇక్కడ కంచె. ఇదిగో ఇక్కడ తామరలు.
ఏనుగు వంగింది ఈ మూల.
కొన్ని చెన్నైలో ఉన్నాయి, కొన్ని లండన్‌లో."
లేనివాటిని అంత నమ్మకంగా చూపించేవాణ్ణి
నేనింతవరకు చూడలేదు.
అక్కడ ఏ పల్లెటూరి దర్జీ అయినా
కొట్టు మూసి, ఇలాగే బస్సెక్కి వచ్చి
మన రాతి ముందు మడతలు లెక్కపెడుతుందేమో.
ఆమెకి మన ఎండ సంగతి ఎవరు చెప్తారు?

మ్యూజియంలో ఒక బుద్ధుడి దగ్గర ఆగిపోయాను.
ఎడమ భుజం మీంచి పాదాలదాకా ఒకటే గుడ్డ.
గుండీ లేదు, కాజా లేదు.
అడుగంచు దగ్గర
రెండు మడతలు కలిసిపోయాయి.
ఉలి తప్పింది.
తప్పిన చోట మళ్ళీ ఉలి పెట్టలేదు వాడు.
విప్పి కుట్టడానికి లేని గుడ్డ.
నేను నా బతుకులో విప్పినవి
లెక్కేస్తే ఒక బస్సు నిండుతుంది.

ఎక్కాక లెక్క ఇరవై ఆరు.
మళ్ళీ పొడిచాడు. ఇరవై ఆరే.
డ్రైవరు కోటిలింగం హారన్ మీద అరచెయ్యి పెట్టాడు.
అందరం దిగి తలో దిక్కూ వెతికాం.
దిబ్బ వెనక నీడలో ఉంది సలోమి,
కుడి చెయ్యి తల కింద, చెప్పులు జతగా పక్కన,
పొద్దున ఉండవల్లిలో చూసిన పడకే.
నాగుల్‌మీరా నోరు తెరిచి, మూసుకున్నాడు.
హారన్ వద్దని దూరం నుంచే చెయ్యి ఊపాడు.
వాచీ చూసుకుని
"కొండవీడు కట్టు," అన్నాడు గొంతు తగ్గించి,
"అది ఎక్కడికీ పోదు."
డబ్బులు కట్టింది మూడు చోట్లకి కదా అని
తెనాలి పెద్దాయన గొణిగాడు, గొణిగి
తన గొడుగు తెచ్చి ఆ పిల్ల మొహం మీద ఎండకి అడ్డం పెట్టాడు.

కుర్తీ చంక కింద రెండంగుళాల మేర కుట్టు వదిలింది.
నా సంచిలో సూది ఎప్పుడూ ఉంటుంది.
ఒంటిమీద ఉండగా కుట్టకూడదంటారు.
ఆ రంగు దారం వెతికి, ఎక్కించి,
సూది రెండు వేళ్ళ మధ్య పట్టుకుని
ఆమె లేచేదాకా గడ్డిలో కూర్చున్నాను.
కాలు కదల్లేదు.