ఏడో మాడ్యూల్

న్యూటౌన్ల జిరాక్సు, స్పైరల్ బైండింగు,
ఎవరో సీనియరు పెన్సిలు గీతలతో సహా.
మొదటి పేజీలనే రాసిండ్రు:
“మీ పక్కన అధ్యాపకుడు అవసరం లేదు.
జవాబును కాగితంతో మూసి, ముందు మీరే ఆలోచించండి.”
మూసెతందుకు నా దగ్గర
ఎదిర బస్సు టికెట్టున్నది.

మక్తల్ల మా బడికి ఇసొంటి పుస్తకం రాలే.
తప్పు జెప్తే బెత్తం లేదు,
“నాలుగో పేజీకి తిరిగి వెళ్ళండి” అంటది, గంతే.
ఎన్నిసార్లు వోయినా విసుక్కోదు.

ప్రశ్న మూడు. ఆ మర్మర్ ఎట్లుంటది?
దూరంగ ఉరిమినట్టు, అని రాసుంది.
పాలమూర్ల ఉరుము
ఏడాదికి ఎన్నిసార్లు ఇంటమని?

మెస్సుల శివలీలమ్మ, నారాయణపేట మనిషి,
అన్నం గిన్నె దించి గోడకానుకుంటది,
రొండు మాటల నడుమ ఒక ఊపిరి ఎక్కువ తీస్తది.
“అక్కా, జెర ఎడమ పక్కకు ఒరిగి పండుకుంటవా?”
“నీ పరీచ్చకా? పండుకుంట తియ్యి.”
చేతులు కొంగుకు తుడుచుకొని
బియ్యం సంచుల మీదనే ఒరిగింది.

పుస్తకం చెప్పినట్టే
బెల్లు మెల్లగ ఆనించిన, నొక్కలే.
ఊపిరి ఇడిసి ఆపమన్న, ఆపింది.
కుక్కరు ఆపలే.
అది గూడ ఆగినంక

ఇన్న.

పొద్దు పొడువక ముందు మా అవ్వ జొన్నలిసురుతుంటే
గోడవతల పండుకొని ఇన్న సప్పుడు:
తిరిగి, బరువెక్కి, మళ్ల తిరిగి.
ఉరుమెక్కడిది!
ఇది రాసినోళ్ళ ఇంట్ల ఇసుర్రాయి లేదు.

‘సి’కి టిక్కు పెట్టిన.
టికెట్టు జరిపి చూసిన.
“అభినందనలు. ఇరవై రెండో పేజీకి వెళ్ళండి.”

ఆమె ఇంకా పండుకునే ఉన్నది.
“ఏం బిడ్డా, పాసైనవా?”

ఇరవై రెండుల కవాటం బొమ్మ,
చేప నోరోలె సన్నగ.
ఇరవై మూడు తెల్లగ ఉన్నది, ‘మీ నోట్సు కోసం’.
చిన్నప్పుడు కీళ్ళు వాసినయా అని అడగాలె.
రేపు మా సారు దగ్గరికి రమ్మనాలె.
ఒక్కపూట రాకుంటే
కాంట్రాక్టరు హాజరు కోస్తడని
ఆమె అననే అంటది.
అప్పుడు నేను ఏ పేజీకి తిరిగి వోవాలె?

“లేవకక్కా, ఇంకోసారి ఇంట” అన్న.
ఇనేది ఏం లేదు.
చెవులల్ల అవి ఉన్నంతసేపు
మాట్లాడే పని తప్పుతదని.