గంటకోసారి

సూర్యారావుపేటలో మే నెల రాత్రి.
గదిలో ఏసీ ఆపేశాం,
కొత్త రొమ్ముకి చలి పనికిరాదు.
కుర్చీలో చెల్లెలు కునుకుతోంది,
విసనకర్ర ఒళ్ళోకి జారిపోయి.

పన్నెండు.
హైమావతి గారి దుప్పటి తీసి వేలితో నొక్కుతాను.
తెల్లబడింది. ఒకటి, రెండు.
రంగు తిరిగింది.
గులాబీ, అని ఛార్టులో రాస్తాను.
పొట్ట దగ్గర తీసి ఎద మీద అతికిన చర్మం.
ఇద్దరు పిల్లల్ని మోసిన చారలు
ఇప్పుడిక్కడున్నాయి,
అద్దె ఇల్లు మారినా వెంట తెచ్చుకున్న
పాత కర్టెన్ మడతల్లా.

ఒంటిగంట.
జెల్లు రాసి డాప్లర్ పెన్ను ఆనిస్తాను.
హుష్. హుష్. హుష్.
"ఏంటమ్మా ఆ చప్పుడు?"
బ్యారేజీ దగ్గర బందరు కాలవకి నీళ్ళొదిలినట్టు లేదూ, అంటాను.
"నా మిషనులా ఉంది. నూనె వేసిన రోజు."

రెండు.
డ్రెయిన్ బుడ్డిలో ముప్పై మిల్లీలీటర్లు, ఎరుపు పల్చబడింది.
కాఫీ అడిగింది. వద్దన్నాను, రక్తనాళాలు ముడుచుకుంటాయి.
"గాంధీనగరంలో ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టా ఎస్తేరమ్మా,
కాఫీ లేకుండా ఒక్క చంక తిప్పలేదు."
నవ్వబోయి పొట్ట పట్టుకుంది.
మోకాళ్ళ కింద దిండు సర్దాను.

ఒకావిడ వచ్చేదట,
ఎడమవైపు పైట బిగించి పట్టుకుని.
"టేపు అటు పోనిచ్చేదాన్ని కాదు.
కుడివైపు చూసి
ఎడమకి లైనింగులో దూది కుట్టి ఇచ్చేదాన్ని.
ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు.
కూలి మాత్రం మామూలే."

మూడు.
నొక్కాను.
ఒకటి అనేలోపే రంగు తిరిగింది.
అంత తొందర మంచిది కాదు.
అంచున వంకాయ నీడ.
టార్చి మార్చి చూశాను. నీడ కాదు.

డాక్టరు గారు పైజమాతోనే వచ్చారు.
లోపలికి పారుతోంది, బయటికి దారి చాలట్లేదు.
మూడు కుట్లు తీశారు.
నల్లటి రక్తం. రెండు గాజుగుడ్డలు తడిశాయి.
ఆమె చెయ్యి పట్టుకుని
భయం లేదండీ అన్నాను, అందరితో అనే మాటే.
"భయమెందుకు?
తొడిగాక బిగుతైతే
కుట్టు విప్పకుండా ఎలా సరిచేస్తారు?"

నాలుగు. ఒకటి, రెండు.
ఐదు. ఒకటి, రెండు.
గులాబీ అని రాసేటప్పుడు
పెన్ను కొంచెం గట్టిగా నొక్కాను కాబోలు,
కింది కాగితం మీద కూడా పడింది.

తెల్లారి డ్యూటీ అప్పగిస్తుంటే
ఆమె తల వంచి
మొదటిసారి చూసుకుంది. చాలాసేపు.
"చేతి కుట్టే," అంది.
"పర్లేదు. దూరం దూరంగా వెయ్యలేదు."