తేమ తీసేసిన తూకం

ఇరవై తొమ్మిదేళ్లు పోర్టు కాటా దగ్గర కూర్చున్నాను.
నిండుగా వచ్చినప్పుడో తూకం,
ఖాళీగా పోయేటప్పుడో తూకం,
తేడా ఎంతో అదే సరుకు.
డ్రైవర్లు ఎన్ని కబుర్లు చెప్పినా
ముల్లు చెప్పిందే రాశాను.

ఇప్పుడు నా తూకం చీటీ నా చేతికే వచ్చింది.
మైనస్ మూడు పాయింట్ ఒకటి.
సున్నాకి కింద కూడా మనిషి నిలబడుతుందని
అరవై ఎనిమిదో ఏట తెలిసింది.

మెట్ల మీంచి పడలేదు, బాత్రూంలో జారలేదు.
పూర్ణా మార్కెట్లో రెండు రూపాయల బిళ్ల దొర్లితే
వంగాను, అంతే.
నడుంలో ఎండుపుల్ల విరిగింది.
బిళ్ల అక్కడే వదిలేసి వచ్చాను.

డాక్టర్ హైమవతికి నా కూతురి వయసు, ఓపిక ఎక్కువ.
వారానికో మాత్ర. పరగడుపున. పెద్ద గ్లాసుడు నీళ్లు.
అరగంట నడుం వాల్చకూడదు.
ఇంకో పూస కుంగే ముప్పు బాగా తగ్గుతుంది.
గొంతు మండొచ్చు.
అరుదుగా, చాలా అరుదుగా,
దవడ ఎముక చెడొచ్చు,
ఏళ్ల తరబడి వాడితే తొడ ఎముక చిట్లొచ్చు.
అరుదుగా అని ఆమె రెండుసార్లు అంది.
దవడ అని ఒక్కసారే అంది.
నేను ఇంటికి దవడనే మోసుకొచ్చాను.

సాయంత్రం నూకరత్నం వచ్చింది,
ఫిషింగ్ హార్బర్లో ఎండుచేపలమ్మి.
"ఓలమ్మో, దవడ కుళ్లిపోద్దంటే! నీకేటి పిచ్చా, మింగకే!"
అని చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకొని
నింపాదిగా అడ్డపొగ పీల్చింది.
నవ్వలేకపోయాను.
ఎవరి తూనికరాళ్లు వాళ్ల సంచిలోనే ఉంటాయి.

మా సెక్షన్ కళావతి గుర్తొచ్చింది.
"మందులెందుకు, రాగిజావ చాలు" అనేది.
తుంటి విరిగాక
కిటికీలోంచి కనబడేంత సముద్రమే మిగిలిందామెకి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
వానాకాలం ఇనుప ఖనిజం తడిసి వచ్చేది.
టైర్లు నలిగేవి, ముల్లు పరిగెత్తేది.
ల్యాబ్ కుర్రాడు గుప్పెడు మట్టి పట్టుకెళ్లి
ఎండబెట్టి చీటీ పంపేవాడు: తేమ ఇంత.
అది కొట్టేస్తేగాని ఖనిజం లెక్క తేలదు.

నా భయాన్నీ అలాగే పొయ్యి మీద పెట్టాను.
ఆవిరి చాలాసేపు పోయింది.
మిగిలింది చిటికెడే,
కానీ సున్నా కాదు.
సున్నా అని రాయడానికి చెయ్యి ఒప్పుకోలేదు.

రెండో పళ్లెంలో ఆశ ఉంది కదా, అదీ తడిసే ఉంది.
మాత్ర మింగితే మళ్లీ యారాడ కొండెక్కుతానని
ఏదో మూల అనుకున్నాను.
అదీ కొట్టేశాను.
వంగి చీపురు తీసుకోగలగడం మిగిలింది.
అది బరువైనదే.

కదులుతున్న దంతం ముందే పీకించాను,
పుండు మానేదాకా ఆగాను.
కిడ్నీలకీ, కాల్షియానికీ రక్తపరీక్ష అయింది.
ఐదేళ్లయ్యాక మళ్లీ చూసి
మందుకి సెలవివ్వొచ్చేమో అంది డాక్టరమ్మ.
సర్వీసంతా సెలవడగని దాన్ని,
ఈ ఒక్కటీ ముందే రాసిపెట్టుకున్నాను.

ఆదివారం, ఆరు. కోటవీధి డాబా మీద నేను.
దూరంగా లంగరేసిన ఓడలు వంతు కోసం చూస్తున్నాయి.
సరుకు లేని ఓడ
కడుపులో నీళ్లు నింపుకొని తన్నుకుంటుంది అలలతో.
నేనూ గ్లాసుడు నింపుకొని నిలబడ్డాను.

కింద వీధిలోంచి గంప తల మీద, అదే గొంతు:
"ఏటే, మింగీసినావా?"
"మింగేశాను."
కాసేపు మాట్లాడలేదు.
"అయితే పడుకోకే! నాను సూత్తానే ఉంటాను!"
అని గంప దించి అరుగు మీద కూర్చుంది.

ఇంకా పదకొండు నిమిషాలుంది.