బూట్ల బిల్లు

క్లాక్ టవర్ కాడ చాయ్ బండి సర్దుకునే యాళ్లకు
మా డ్యూటీ మొదలైతది.
నల్లగొండల రాత్రి పది.
ఆడ వాళ్లకింక పగటి బువ్వ యాళ్ల.

కెనడోళ్ల పన్నుల కాలం మీదికొస్తున్నది.
రెండు వారాలు ట్రైనింగు.
ముబీన్ సార్ బోర్డు మీద పదిహేను రాసి కొట్టేసిండు,
పక్కన పద్నాలుగు రాసిండు.
"కింది మెట్టుకు తగ్గిచ్చిండ్రు. ఎందుకని అడగకుండ్రి,
ఎప్పటిసంది అని అడుగుండ్రి.
ఏడాది నడుమల మారింది గనుక
ఈసారి లెక్కకు పద్నాలుగున్నర."
అరశాతం కాడ లింగస్వామికి కునుకొచ్చింది.
నాకు రాలే.
నూటికి మూడు మిత్తి కట్టే మా నాయన
రెండున్నరకు దొరుకుతదని ఎవరో అంటే
నకిరేకల్ దాక సైకిల్ తొక్కిండు.
దొరకలే, అది వేరే ముచ్చట.

ఇంకో ఫారం. టీ ఇరవై రెండు సున్నా ఒకటి.
నడవలేనోళ్లకు, అంగీ గుండీలు తామే పెట్టుకోలేనోళ్లకు.
వంద మీటర్లు నడవనీకె
మంది కంటే మూడింతలు పడుతదా అని
డాక్టర్‌ను అడుగుతదట ఆ కాగితం.
ఎంత మర్యాదగ అడుగుతదో!

మా సైదమ్మత్త మర్రిగూడ దిక్కు బోరు నీళ్లు తాగి పెరిగింది.
కాళ్లు కొడవళ్ల లెక్క వంగినయి.
మిషన్ల వేలిముద్ర పడదు,
"రేపు రా" అంటడు డీలరు
రేపు అనేది ఇంటి పక్కనే ఉన్నట్టు.
ఆమెకు ఏ గీత కింద ఎంత తియ్యాలె?
ముబీన్ సార్ చెప్పలే,
నేను అడగలే.

గిల్బర్ట్ తాత నా లిస్టుల ఏడో మనిషి.
సముద్రం ఒడ్డు ఊరు. పేరు నోరు తిరగక
ఉప్పులూరు అని పెట్టుకున్న.
మూడేండ్లసంది ఆయన లెక్క నా చేతుల మీదికెంచే పోతది.
ముఖం తెల్వదు.
పింఛనెంతో తెలుసు, చెవి మిషన్ కొన్న తారీకు తెలుసు,
చర్చికి అరవై డాలర్లిచ్చిండని తెలుసు.
ఏటేటా మందుల చిట్టీల నడుమ
ఒక బూట్ల బిల్లు పెడుతడు:
ఐసు మీద జారకుంట కింద ముల్లులున్నయి, భార్యకు.
ఏటేటా నేను తీసేస్త.
బూట్లు మందుల కిందికి రావు తాతా.

ఈసారి బిల్లు లేదు.
మందుల చిట్టీలు రెండుసార్లు తిప్పిన. లేదు.
పైకి పోయి చూస్తే
'వివాహితుడు' అన్న గడి ఖాళీ,
దాని కిందికి దిగింది టిక్కు.
ఆమె పేరు పక్కన నవంబరు పదకొండు.
సాఫ్ట్‌వేర్ ఎర్రగ అడిగింది:
పోయినేటికి తేడా ఉన్నది, నిజమేనా?
అవును. కాదు. రెండే బటన్లు.

నఫీసా బత్తాయి ఒలిచి సగం నా దిక్కు జరిపింది.
తొనలు తిన్న. చేతులు తుడుసుకున్న.
అవును నొక్కిన.

అందరికీ గడువు ఏప్రిల్ ముప్పై.
నవంబర్ల పోయినోళ్లకు మాత్రం
పోయిన నాటిసంది ఆరు నెలలు.
మే పదకొండు.
పదకొండు రోజులు ఎక్కువిచ్చింది సర్కారు, ఆయనకు గూడ.
ఆ పదకొండు రోజులు తాత ఏం చేసుకుంటడో.

క్లయింటుకు పంపే ప్రశ్నల కాడ రాసిన:
"ఇంకేమన్న చిట్టీలు మిగిలినయా?
దేనివైనా సరే పంపుండ్రి."
ముబీన్ సార్ చూసి
"దేనివైనా ఏంది?" అని ఆ మాట కొట్టేసిండు.
సారుది తప్పు కాదు.

ఆరింటికి బస్సు దిగేసరికి
సైదమ్మత్త సంచి పట్టుకొని గడప దిగుతున్నది.
నిద్ర కండ్లతోనే ఎంట నడిచిన.
ఎందుకో ఫోన్ల గడియారం మొదలుపెట్టిన.
మోరీ కాడ ఆగింది. కరెంటు స్తంభం కాడ ఆగింది.
"నువ్వు పో బిడ్డా" అన్నది, "నేనొస్త."

పద్నాలుగు నిమిషాల నలభై సెకన్లు.
ఎవలకు పంపాలె?
నంబర్ల నడుమ రాసి దాచిపెట్టుకున్న.